హెచ్‌ఆర్ ఉద్యోగికి కార్టెల్ చట్టంతో ఏం పని?

జర్మనీలో హెచ్‌ఆర్ ఉద్యోగం చేస్తున్న మీకు, పోటీ సంస్థల వారితో జీతాలు, నియామకాల గురించి మాట్లాడవద్దని శిక్షణలో చెప్పారు. కార్టెల్ అంటే ధరల కుమ్మక్కు కదా, మాకెందుకు అని అడిగారు.

నేను కూడా జర్మనీలోనే, ఒక యంత్రాల తయారీ సంస్థలో ఈ శిక్షణ ఇచ్చే విభాగంలో ఉన్నాను. ఒకప్పుడు సేల్స్ వారినే పిలిచి చెప్పేవాళ్లం. ఇప్పుడు హెచ్‌ఆర్ వారిని తప్పక కూర్చోబెడుతున్నాం. దానికి కారణం 2025 జూన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో పోటీ చట్టాన్ని అమలుచేసే యూరోపియన్ కమిషన్ ఇచ్చిన ఒక నిర్ణయం.

ఫుడ్ డెలివరీ సంస్థ డెలివరీ హీరో 2018లో అదే రంగంలోని గ్లోవో సంస్థలో కొంత వాటా కొన్నది; 2022లో దాన్ని పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. ఈ మధ్యకాలంలో ఆ రెండూ వేర్వేరు సంస్థలే. అయినా ఒకరి ఉద్యోగులను మరొకరు పనిలోకి పిలవకూడదని అనుకున్నాయి, వ్యాపార రహస్యాలు చెప్పుకున్నాయి, ఏ దేశంలో ఎవరు వ్యాపారం చేయాలో పంచుకున్నాయి. రెండింటికీ కలిపి 32.9 కోట్ల యూరోల జరిమానా పడింది. ఉద్యోగుల విషయంలో కుమ్మక్కుకు కమిషన్ జరిమానా వేయడం అదే మొదటిసారి. ఈ నిర్ణయం చాలా ముందే రావలసింది. ఇక్కడ మనవాళ్లలో ఎక్కువమందికి జీతం పెరగాలంటే కంపెనీ మారడమే దారి. ఆ తలుపు ఎవరో లోపల గడియ పెట్టారని ఉద్యోగికి తెలిసే అవకాశమే ఉండదు.

అంతకుముందు 2021లో డైమ్లర్, బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ కేసులోనూ ధరల ఊసు లేదు. డీజిల్ పొగను చట్టం అడిగినదానికన్నా మెరుగ్గా శుద్ధి చేసే విషయంలో పోటీ పడకూడదని అవి అనుకున్నాయి. జరిమానా 87.5 కోట్ల యూరోలు. విషయం ముందుగా బయటపెట్టిన డైమ్లర్‌కు మాత్రం ఏమీ పడలేదు.

అలా ముందుకొచ్చి ఒప్పుకునేవారి మీదే కమిషన్ చాలాకాలం ఆధారపడింది. ట్రక్కుల తయారీ సంస్థలు ధరల మీద కుమ్మక్కైన కేసులో ఎంఏఎన్ సంస్థ అలాగే సుమారు 120 కోట్ల యూరోల జరిమానా తప్పించుకుంది. 2016లో మరో నాలుగు సంస్థలకు 293 కోట్లు పడ్డాయి. కానీ ట్రక్కులు కొన్నవారు నష్టపరిహారం కోసం దేశదేశాల్లో కోర్టులకెక్కారు, ఎంఏఎన్‌ను కూడా వదలలేదు. ఒప్పుకోవడం అంత లాభసాటి కాదని సంస్థలకు అర్థమైంది. అందుకే కమిషన్ తానే వెతకడం పెంచింది. డెలివరీ హీరో కేసు మొదలైంది ఒక దేశపు అధికారులిచ్చిన సమాచారం, పేరు చెప్పకుండా అందిన ఫిర్యాదుల ఆధారంగా.

ఇక మీ రోజువారీ పనికి వస్తే, మీ సొంత జీతం గురించి స్నేహితుడితో చెప్పుకోవడంలో తప్పు లేదు. సంస్థ తరఫున "ఈసారి మీరెంత పెంచుతున్నారు", "మావాళ్లను తీసుకోకండి" అనడమే చట్టవిరుద్ధం. పరిశ్రమ సమావేశంలో ఎవరైనా ఆ మాట ఎత్తితే మౌనంగా కూర్చోవద్దు. అభ్యంతరం చెప్పి, అది మినిట్స్‌లో రాయించి, బయటికి వచ్చేయండి.

అలాంటి మెసేజ్ ఇప్పటికే మీ ఫోనుకు వచ్చి ఉంటే తొలగించవద్దు. 2023లో సువాసన ద్రవ్యాల సంస్థల్లో సోదాలు జరుగుతుండగా ఐఎఫ్ఎఫ్ సంస్థలోని ఒక సీనియర్ ఉద్యోగి వాట్సాప్ మెసేజ్‌లు తొలగించారు. కేవలం ఆ పనికే సంస్థకు 1.59 కోట్ల యూరోల జరిమానా పడింది. మెసేజ్ చూసిన రోజే మీ న్యాయ విభాగానికి చెప్పండి. కమిషన్ దగ్గరికి మొదట వెళ్లిన సంస్థకు జరిమానా పూర్తిగా మాఫీ కావచ్చు, రెండో సంస్థకు దక్కే తగ్గింపు గరిష్ఠంగా 50 శాతమే.