చిన్నపిల్లలకు ఫిడేలు నేర్పబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే విజయదశమి నుంచి ఎం.వి.పి. కాలనీలో మీ ఇంటి ముందు గదిలో అయిదారేళ్ల పిల్లలకు ఫిడేలు పాఠాలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఫిడేలు నాతోనే ఆగిపోతుందేమోనని దిగులుపడుతూ వచ్చిన నాకు ఆ మాట విని కళ్లు చెమర్చాయి. బ్యాచ్‌కు పదిమందిని చేర్చుకుంటావనీ, సంక్రాంతికల్లా వాళ్లచేత వేదిక మీద కార్యక్రమం చేయిస్తావనీ ఆ వెంటనే చెప్పేసరికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అంటావు, పెట్టేశాక సగం మరిచిపోతావు. అందుకని కూర్చుని రాస్తున్నాను, ఓపికగా చదువు.

నీకు తెలిసిన విషయాలను సాగదీయను. పాఠం జరుగుతున్నంతసేపు గది తలుపు తీసే ఉంచు, పిల్లతో పాటు తల్లో తండ్రో నాయనమ్మో అక్కడే కూర్చోవాలి. ఫీజు సంగతి మొదటిరోజే మాట్లాడెయ్యి. పిల్ల చెయ్యి సరిచేయవలసి వస్తే ముందు చెప్పి ఆ తర్వాత ముట్టుకో. ఎడమచేతి గోళ్లు ప్రతిసారీ చూడు, గోరు పెరిగిన వేలు తీగ మీద నిలువుగా దిగదు, పక్కకు వాలిపోతుంది. అయిదేళ్ల వాళ్లకు ఇరవై నిమిషాల పాఠం చాలు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది ఫిడేలు సైజు గురించి. ఇది దుకాణం వాడు చూసుకునే విషయం అనుకోకు. పూర్తి సైజు ఫిడేలుకు మెడ వదిలేసి పెట్టె మాత్రమే కొలిస్తే సుమారు 14 అంగుళాల పొడవు ఉంటుంది. దానికంటే చిన్నవాటిని ముప్పావు, అర, పావు, ఎనిమిదో వంతు అంటారు గానీ, ఆ పేర్లను బట్టి లెక్క వేయకు. పావు సైజు పెట్టె కూడా సుమారు 11 అంగుళాలు ఉంటుంది. సాధారణంగా అయిదారేళ్ల వాళ్లకు ఎనిమిదో వంతు గానీ పావు గానీ, ఏడెనిమిదేళ్లకు అర, తొమ్మిది పదేళ్లకు ముప్పావు సరిపోతాయి. అయినా వయసును నమ్ముకోవద్దు, చేతినే కొలువు. పిల్ల ఎడమ చెయ్యి బారజాపించి మెడ మొదలు నుంచి అరచేతి మధ్య వరకు టేపు పెట్టి చూడు. ఫిడేలు చివరి చుట్ట ఆ అరచేతిలోకి అందాలి, మోచెయ్యి కాస్త వంగి ఉండాలి. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే ఇయ్యి. "ఆరు నెలల్లో మళ్లీ కొనాలా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్ల మాట న్యాయమే, కానీ నువ్వు మెత్తబడకూడదు. ఎందుకో చెబుతాను.

మీ చిన్న మామయ్య ఫిడేలు నేర్చుకున్నాడని నీకు తెలుసా? మీ అమ్మ అప్పటికి ఉయ్యాలలో ఉంది, ఆమెకూ తెలియకపోవచ్చు. వాడికి ఏడేళ్లప్పుడు మీ తాతగారు పూర్తి సైజు ఫిడేలు కొని తెచ్చారు. పెరిగే పిల్లవాడికి చొక్కా వదులుగా కుట్టించినట్లే, పెద్దదే కొంటే ఎప్పటికీ పనికివస్తుందని ఆయన లెక్క. రెండుసార్లు కొనే స్తోమత లేదు, పిల్లలకు వేరే సైజులు ఉంటాయన్న సంగతి మన ఇంట్లో ఎవరికీ తెలియదు. వాడు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చుట్టను కుడి చీలమండ మీద ఆనించి, పెట్టెను ఎడమ రొమ్ముకు ఆనించుకుంటే ఎడమ చెయ్యి దాదాపు నిటారుగా చాచవలసి వచ్చేది, ఆ భుజం చెవి దాకా లేచేది. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే సరిగమల మొదటి పాఠాలు, మొదలయ్యాయి. షడ్జమానికి (స) వేలు అక్కరలేదు, తీగ ఉత్తగా మోగుతుంది. మొదటి వేలు శుద్ధ రిషభం (రి) దగ్గర పెట్టి రెండో వేలు అంతర గాంధారానికి (గ) చాపాలి. ఆ వేలు ఎప్పుడూ అందేది కాదు. వాడి గాంధారం రోజూ తగ్గుగానే పలికేది. పాఠం చెప్పే పెద్దాయన మొదట విసుక్కున్నారు, తర్వాత తీగల మీద లాగే కమాను కర్రతో వేళ్ల మీద కొట్టారు, చివరికి "శ్రుతిజ్ఞానం లేని పిల్లవాడికి ఫిడేలెందుకండీ" అని తాతగారితో అనేశారు. రాత్రిళ్లు భుజం నుంచి మోచెయ్యి దాకా నొప్పి అంటే అమ్మమ్మ కొబ్బరినూనె కాచి రాసేది. పదేళ్లు రాకముందే ఇక పాఠానికి వెళ్లనన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు, ఫిడేలు అటకెక్కింది.

అమ్మలూ, మన ఇంట్లో అందరికంటే మంచి చెవి వాడిదే. నేను సాధకం చేసుకుంటుంటే పెరట్లో నీళ్లు తోడుకుంటూనే "అక్కా, నీ పంచమం దిగింది చూసుకో" అని, అంటే నా 'ప' తగ్గిందని, కేకేసేవాడు, చూసుకుంటే నిజంగానే దిగి ఉండేది. ఇప్పటికీ కళాభారతి ఆడిటోరియంలో కచేరీకి తీసుకువెళితే, శ్రుతి కాస్త జారగానే నాకంటే ముందు వాడి ముఖం మారుతుంది. అలాంటి వాడికి శ్రుతిజ్ఞానం లేదన్నారు. ఆ మాటను వాడు నమ్మాడు, డెబ్బై ఏళ్లు దాటినా నమ్ముతూనే ఉన్నాడు. "నాకు సంగీతం రాదులే" అని వాడు అన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్లుంటుంది.

ఎన్నో ఏళ్ల తర్వాత నా దగ్గరికి పాఠానికి వచ్చిన ఒక పాప పావు సైజు ఫిడేలు తెచ్చింది. దాన్నీ నా ఫిడేలునూ పక్కపక్కన పెట్టి కొలిచాను. పెద్దదాని మీద మోగే తీగ పొడవు సుమారు 328 మిల్లీమీటర్లు, అందులో శుద్ధ రిషభానికీ అంతర గాంధారానికీ మధ్య దూరం నాలుగున్నర సెంటీమీటర్లు. పావు సైజు మీద తీగ 260 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఆ దూరం మూడున్నరకు తగ్గుతుంది. నీ చూపుడువేలూ మధ్యవేలూ ఒకసారి చాపి చూసుకో, ఆ ఒక్క సెంటీమీటరు ఏడేళ్ల వేళ్లకు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

కాబట్టి నా దగ్గర నుంచి ఈ ఒక్క అలవాటు నేర్చుకుంటే చాలు: పిల్ల వాయించిన స్వరం తప్పితే, ముందు ఆ స్వరాన్ని పాడించు. నోటితో సరిగ్గా పాడితే చెవికి ఏ లోటూ లేదు. వేలూ, మోచెయ్యీ, ఫిడేలు సైజూ, తీగల శ్రుతీ చూడు. పాడినా తప్పుతుంటే ఇంకా వినాలన్నమాటే గాని, ఆ పిల్లకు రాదని కాదు. వాయిద్యం ముట్టించకముందు కొన్ని వారాలు తంబురా శ్రుతికి స్వరాలు పాడించు, ఫోనులో తంబురా పెట్టినా నాకు అభ్యంతరం లేదు. జపానులో షినిచి సుజుకి గారు 1946 నుంచి మత్సుమొటోలో పిల్లలకు ఫిడేలు నేర్పిన పద్ధతికి ఆధారం ఇదే: మాతృభాష ఎలా చెవిన పడి నోటికి వస్తుందో సంగీతమూ అలాగే రావాలి, ఇంట్లో రోజూ వినిపించాలి, తల్లి కూడా పాఠంలో కూర్చుని నేర్చుకోవాలి. బాగా చిన్నవాళ్లకు మొదట ఉత్త అట్టపెట్టె ఇచ్చి పట్టుకోవడం నేర్పిస్తారు. అది చూసి నవ్వే తల్లిదండ్రులుంటారు, నువ్వు మాత్రం మొహమాటపడకు.

పురందరదాసుల వారి కాలం నుంచి వస్తున్న మాయామాళవగౌళను నోటికి మొదటిరోజు నుంచే నేర్పు. చేతికి మాత్రం నేను ముందు శంకరాభరణం రాగం ఇస్తాను. శుద్ధ రిషభం కంటే పైన ఉండే చతుశ్రుతి రిషభం పెట్టిన వేలికీ గాంధారం వేలికీ మధ్య ఎడం తక్కువ, గాంధారం పక్కనే మధ్యమం తగులుతుంది, పంచమం తీగ మీద కూడా వేళ్ల అమరిక అదే. చెయ్యి కుదురుకున్నాక మాయామాళవగౌళలోకి వస్తే వేలు బెదరదు. దీన్ని ఒప్పుకోని పెద్దలు మన ఊళ్లోనే ఉన్నారు, నీతో వాదిస్తారు. గౌరవంగా విని, నీ ఎదుట ఉన్న చేతిని చూసి నిర్ణయించుకో.

శ్రుతి ఐదు దగ్గర, అంటే పాశ్చాత్యుల G స్వరం దగ్గర, పెట్టు. పిల్లల గొంతుకు అది హాయిగా ఉంటుంది, మంద్ర షడ్జమం, మంద్ర పంచమం పలికే రెండు లావు తీగలు పాశ్చాత్య పద్ధతిలో ఉండే స్థానంలోనే ఉండిపోతాయి, మిగిలిన రెండింటినీ ఒక స్వరం దించితే సరిపోతుంది. చిన్న ఫిడేలును మరీ కిందికి దించి శ్రుతి చేస్తే తీగ వదులై గరగరలాడుతుంది, పాపం ఆ పిల్ల తన తప్పే అనుకుంటుంది. తీగలు కూడా ఆ సైజుకు తగినవే వేయించు. చిన్న ఫిడేలు చుట్ట చీలమండకు అందకపోతే పాదం మీద మడతపెట్టిన తువ్వాలు వెయ్యి, అంతేగాని పిల్లను ముందుకు వంగమనకు.

కుడిచేతి విషయంలో తొందర అసలు వద్దు. ఉత్త తీగ మీద కమాను ఆ కొస నుంచి ఈ కొస దాకా, వణకకుండా, తీగలను మోసే బ్రిడ్జికి సమాంతరంగా, వంకర పోకుండా లాగడమే మొదటి కొన్ని నెలల చదువు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి నాదం గురించి మా గురువుగారు చెప్పేటప్పుడు తన కుడిచేతిని గాలిలో ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా లాగి చూపించేవారు. నాయుడు గారు మన విశాఖపట్నంలోనే పెరిగారు. చూపు మందగించి చదువు సాగని పిల్లవాడికి అన్నగారు ఫిడేలు నేర్పారు. ఆ పిల్లవాడే పెద్దవాడై 1919లో విజయనగరం మహారాజావారు పెట్టిన సంగీత కళాశాలలో ఆచార్యుడయ్యాడు, 1936లో దానికే ప్రిన్సిపాలయ్యాడు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. బడికి పనికిరాడన్న పిల్లవాడిని కూర్చోబెట్టి నేర్పిన అన్నగారి గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తుంటాను. నువ్వు చేరుతున్నది ఆ అన్నగారి వరసలో.

అందుకే బ్యాచ్‌కు పదిమంది అంటే నాకు కోపం వచ్చింది. పదిమంది భుజాలు ఒకేసారి నువ్వు చూడగలవా? ముగ్గురు చాలు, మొదటి ఏడాది నలుగురికి మించవద్దు. సంక్రాంతి కార్యక్రమం మానుకో. మూడు నెలలకే వేదిక ఎక్కించాలంటే వేళ్ల కింద రంగు కాగితాలు అంటించి నాలుగు వరుసలు బట్టీ పట్టించాలి, ఆ తర్వాత ఆ పిల్లలకు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, నేర్పబోతే వేలు ఆ కాగితం దగ్గరే బిగుసుకుపోతుంది. గుర్తు కోసం ఒకటి రెండు చుక్కలు పెట్టావంటే ఒప్పుకుంటాను, త్వరగానే తీసెయ్యి. తల్లిదండ్రులకు ఏదైనా చూపించాలని ఉంటే ఒక ఆదివారం సాయంత్రం మీ గదిలోనే, చాప మీద, ఒక్కో పిల్లచేత ఒక్కో దీర్ఘ షడ్జమం వాయించమను. కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ, నువ్వు చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని కమాను వెంట్రుకలు లాగేసినప్పుడు కూడా ఇలాగే కోప్పడి, ఆ వెంటనే నిన్ను ఎత్తుకున్నాను.

మన ఊరి గాలి సంగతి వేరే చెప్పాలి. సముద్రపు తేమకు తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, ఏసీ గదిలో పెడితే ఎండి జారిపోతాయి, ఉక్కు తీగలు తుప్పు పడతాయి. పాఠం కాగానే కమాను మర వదులు చేయించు, కమానుకు రాసే రోజిన్ తీగల మీద పడితే దాన్ని పొడి గుడ్డతో తుడిపించు, ఫిడేలు దాచే పెట్టెలో సిలికా జెల్ సంచి వెయ్యించు, ఎండలో ఆపిన కారులో ఫిడేలు వదలవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని ఆ చెమ్మలో నా ఫిడేలు వెనుక పలక అంచు విడిపోయింది. ఎదురింటి వాళ్లు తెల్ల జిగురు పెట్టి అంటించేస్తామన్నారు, ముట్టుకోనివ్వలేదు. ఫిడేలును వేడిచేసి పూసే జంతు జిగురుతోనే అతకాలి, మళ్లీ విప్పవలసి వచ్చినప్పుడు చెక్క చీలకుండా వస్తుంది.

పిల్లలు నొప్పి అన్నారంటే ఆ క్షణమే ఆపు. సాకు అనుకోకు, సాకే అయినా ఆపు. ఏ భుజం, ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడుగు, పుస్తకంలో రాసుకో, మరుసటి పాఠంలో మళ్లీ చేతిని కొలువు.

సైజు మారినప్పుడల్లా కొనలేక పెద్దది ఇచ్చేసే ఇళ్లు ఉంటాయి, మన ఇల్లూ అలాంటిదే. అందుకని ఎనిమిదో వంతు ఒకటి, పావు రెండు, అర ఒకటి నువ్వే కొని ఉంచి, పిల్లలకు నెలవారీగా ఇచ్చి, చెయ్యి పెరిగాక మార్చు. వాటిలో రెండింటి డబ్బు నేను ఇస్తాను, ఈ సంగతి మీ అమ్మతో నువ్వు మాట్లాడకు, నేనే మాట్లాడతాను. దుకాణానికి వెళ్లేటప్పుడు నన్ను తీసుకువెళ్లు, బ్రిడ్జి ఎత్తూ బిరడాలూ నేను చూడాలి. మీ చిన్న మామయ్యను కూడా రమ్మంటాను. ఫిడేళ్లు శ్రుతి చేసి చూసేటప్పుడు వాడు పక్కన ఉండాలి.

ఇట్లు,
ఆశీస్సులతో
నీ పెద్దమ్మ
మహారాణిపేట, విశాఖపట్నం