ఖాళీ డ్రమ్ము తిరిగి రావాలంటే

చి. శీనుకు మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ కారం వ్యాపారం ప్లానంతా విన్నాను. సీసాలు, కవర్లు, మిర్చి యార్డు గోనెలు, మిరప తొడిమలు, అన్నీ ఒకేసారి వెనక్కి తెప్పించి మళ్లీ వాడతానంటున్నావు. అంత నెత్తిన పెట్టుకోకురా. ముందు హోటళ్లకు కారం వేసే డ్రమ్ముతో మొదలుపెట్టు. తొడిమల సంగతి వచ్చే ఏడు చూద్దువుగాని.

ఇళ్లకు అమ్మే సీసాల జోలికి ఇప్పుడే పోకు. ఒక్క సీసా కోసం ఇంటింటికీ తిరిగితే పెట్రోలు డబ్బులు కూడా రావు. నీ బండి గుంటూరు నుంచి వారానికి రెండుసార్లు వచ్చి, గవర్నరుపేట, బెంజి సర్కిల్ హోటళ్లలో సరుకు దించి ఖాళీగా పోతోంది కదా, ఖాళీ డ్రమ్ములు దాంట్లోనే ఎక్కాలి. వాటర్ క్యాన్ కుర్రాణ్ని చూడు. నిండుది దించి ఖాళీది పట్టుకుపోతాడు. ఖాళీది లేదంటే డిపాజిట్ అడుగుతాడు.

లెక్క చెబుతాను. డ్రమ్ము 300 అనుకో. పంపిన వందలో ప్రతిసారీ 5 పోతుంటే, సగటున ఒక్కోటి 20 ట్రిప్పులు తిరిగినట్టు. ట్రిప్పుకు 15 రూపాయలు. వందకు 20 పోతే ట్రిప్పుకు 60 పడుతుంది, ఆ పైన కడుగుడు ఖర్చు. అప్పుడు కవర్లే నయం. అందుకే ప్రతి డ్రమ్ము మీదా పెయింటుతో నంబరు, ఖాళీ బరువు రాయించు. బరువు లేకపోతే తూకం దగ్గర రోజూ గొడవే. డిపాజిట్ మరీ తక్కువైతే నీ డ్రమ్ము వాళ్ల బియ్యం డబ్బా అయిపోతుంది, ఎక్కువైతే సరుకే వద్దంటారు. నేను సగం ధర తీసుకునేవాణ్ని.

నేను హోటళ్లకు పచ్చళ్లు వేసే రోజుల్లో ఒక మెస్సు నుంచి తళతళలాడే డ్రమ్ము వచ్చింది. కడిగించి గోంగూర నింపాను. మూడో రోజు ఇంకో హోటల్ నుంచి ఫోను, పచ్చడి ఫినాయిలు కొడుతోందని! ప్లాస్టిక్ ఒకసారి వాసన పీల్చుకుందంటే ఎంత తోమినా వదలదు. అప్పటినుంచి కడగకముందే మూత తీసి వాసన చూడందే ఏ డ్రమ్మునూ లోపలికి రానిచ్చేవాణ్ని కాదు.

నీకు కారంతో ఇంకో బెడద, తడి. కాస్త చెమ్మ మిగిలినా కారం ఉండకట్టి బూజు పడుతుంది. వేణ్నీళ్లతో కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరాకే నింపు. కాబట్టి హోటల్‌కు ఒక డ్రమ్ము చాలదు. ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి కడుగుడులో, ఒకటి నింపి సిద్ధంగా ఉండాలి. వానాకాలంలో ఇంకొకటి. హైదరాబాద్ ఆర్డర్లకు మాత్రం కవర్లే పంపు.

నా పాత డ్రమ్ముల పుస్తకం నీ బండిలో పంపిస్తాను. మీ అమ్మ ఆవకాయ పంపిన జాడీ కూడా ఏడాదిగా ఇక్కడే ఉంది. ఖాళీగా పంపకూడదని, అరిసెలు వండేదాకా ఆగమంటోంది మీ అత్తయ్య.

మీ మామయ్య
విజయవాడ