వెండితెర ప్రశ్నోత్తరాలు: డాన్ ముఖం, విజయ్ గుర్తు

ఒకే పోలికగల ఇద్దరు మనుషులు, ఒకరిని చూసి మరొకరని పొరబడడం, ఆ పొరపాటు మీద నడిచే పగ అనే అంశం మీద ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అమితాబ్ బచ్చన్ రెండు పాత్రలు ధరించిన 1978 నాటి హిందీ చిత్రం ‘డాన్’ గురించే ఉన్నందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ చిత్రానికే కేటాయిస్తున్నాము. చిత్రం చూడనివారి కోసం కథ క్లుప్తంగా ఇది. పోలీసులు వెతుకుతున్న నేరస్థుడు డాన్ తప్పించుకునే ప్రయత్నంలో గాయపడి మరణిస్తాడు. ఆ సంగతి డి.ఎస్.పి. డిసిల్వా ఒక్కడికే తెలుసు. ఆయన ఎవరికీ చెప్పకుండా శవాన్ని పాతిపెట్టి, అచ్చం డాన్ లాగే ఉండే విజయ్ అనే అమాయకుడిని ఆ ముఠాలోకి పంపుతాడు.

ప్రశ్న: డాన్, విజయ్ ఒకే పోలికతో ఎందుకు ఉన్నారో సినిమా ఎక్కడా చెప్పదు. వాళ్లు కవలలు కారు, బంధువులూ కారు. కథకు పునాది అయిన విషయాన్నే వివరించకుండా వదిలేయడం రచయితల లోపం కాదా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: నా దృష్టిలో అది లోపం కాదు, ఆ కథకు ఉన్న బలాలలో మొదటిది. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారని మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాట ఒక్కటి చాలు, ప్రేక్షకుడు ఆ పోలికను ఒప్పుకోవడానికి. రచయితలు సలీం, జావేద్ ఆ నమ్మకం మీద భారం వేసి, వివరణకు ఖర్చుకావలసిన సమయాన్ని మిగుల్చుకున్నారు. అదే కవలల కథ అయివుంటే చిన్ననాట విడిపోవడం, తల్లి కన్నీరు, పుట్టుమచ్చ, చివరకు కలుసుకోవడం అన్నీ వచ్చేవి, రక్తసంబంధం కథను తనవైపు లాక్కునేది. ఇక్కడ విజయ్‌కు డాన్‌తో ముఖం తప్ప మరే సంబంధమూ లేదు. అందుచేత కథ అడిగే ప్రశ్న ‘వీళ్లిద్దరూ ఎలా ఒకేలా ఉన్నారు’ అన్నది కాకుండా, ‘వీడు వాడు కాడని లోకానికి ఎలా తెలుస్తుంది’ అన్నది అవుతుంది.

ఈ రెండో ప్రశ్న మనకు కొత్తది కాదు. కిష్కింధాకాండలో వాలీ సుగ్రీవులు మొదటిసారి తలపడినప్పుడు, ఇద్దరూ అశ్వినీదేవతల్లా ఒకేలా కనిపించడం వల్ల ఎవరు ఎవరో తెలియక రాముడు బాణం వేయకుండా ఆగిపోతాడు. చావుదెబ్బలు తిని పారిపోయి వచ్చిన సుగ్రీవుడి మెడలో లక్ష్మణుడు గజపుష్పి తీగను మాలగా వేస్తాడు. రెండోసారి యుద్ధంలో సుగ్రీవుడి ప్రాణం నిలిచింది ఆ తీగ వల్లనే. ‘డాన్’లో విజయ్ మెడలోని గజపుష్పి డి.ఎస్.పి. డిసిల్వా. ముఠా మధ్య డాన్‌గా తిరుగుతున్నా, తాను విజయ్‌నని సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఆయన ఒక్కడే. పోలీసు దాడిలో డిసిల్వా చనిపోయిన క్షణంలో ఆ మాల తెగిపోతుంది. అక్కడి నుంచి పోలీసులకు అతను డాన్, నిజం తెలుసుకున్న ముఠాకు అతను ద్రోహి. రెండువైపుల నుంచీ తరుముతున్న వాళ్ల మధ్య అతను విజయ్‌గా నిలబడడానికి అడుగు నేల మిగలదు. ఇఫ్తెకార్ అనే నటుడు ఎంతో నెమ్మదిగా, మర్యాదగా పోషించిన ఆ పోలీసు అధికారి పాత్రను సినిమా సగంలో చంపాలని అనుకోవడమే ఈ కథారచనలోని అసలు ప్రతిభ అని నేను నమ్ముతాను.

ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. అదే 1978లో అమితాబ్ బచ్చన్ ‘కస్మే వాదే’లో కూడా బంధుత్వం లేని ఒకే పోలిక మనుషులుగా నటించారు. అందులో మంచివాడైన ప్రొఫెసర్ చనిపోతే దారితప్పిన మనిషి అతని ఇంట్లోకి వస్తాడు. ఇందులో చెడ్డవాడు చనిపోతే మంచివాడు అతని స్థానంలోకి వెళతాడు. ఒకే నటుడు ఒకే సంవత్సరంలో ఒకే ఊహను రెండు వైపుల నుంచి చేసి చూపించాడన్నమాట.

ప్రశ్న: అన్న రమేష్‌ను చంపినందుకు డాన్ మీద పగబట్టి రోమా ముఠాలో చేరుతుంది. కానీ ఆమె చేతుల్లో కాకుండా పోలీసుల తరుములో డాన్ చనిపోతాడు. ఆమె పగకు న్యాయం జరగలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మీరేమంటారు? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మీ అసంతృప్తి సరైనదే కానీ, ఆ అసంతృప్తిని రచయితలు కావాలనే మిగిల్చారని నా అభిప్రాయం. రోమాకు జరిగిన నష్టం చిన్నది కాదు. ముఠా విడిచి కొత్త జీవితం మొదలుపెట్టాలనుకున్న రమేష్‌ను డాన్ చంపుతాడు, అందుకు ప్రతీకారంగా డాన్‌ను పోలీసులకు పట్టివ్వబోయిన రమేష్ కాబోయే భార్య కామిని కూడా అతని చేతుల్లోనే ప్రాణాలు పోగొట్టుకుంటుంది. ఆ రెండు చావుల తరువాత జుట్టు కత్తిరించుకుని, జూడో, కరాటే నేర్చుకుని, శత్రువు నమ్మకాన్ని సంపాదించే వరకూ ఓపికగా ఎదురుచూసిన స్త్రీగా జీనత్ అమన్ కనిపిస్తారు. ఆనాటి హిందీ యాక్షన్ చిత్రాలలో కథానాయికకు పాటలు, కన్నీళ్లు తప్ప సొంత లక్ష్యం ఉండడం అరుదు. రోమాకు కథానాయకుడికంటే ముందే లక్ష్యం ఉంది, నిజానికి విజయ్ కథలోకి రాకముందే ఆమె బయలుదేరింది.

అయితే ఆమె చంపబోయే సమయానికి ఎదురుగా ఉన్నది తాను ద్వేషించిన ముఖమే గానీ తాను ద్వేషించిన మనిషి కాదు. పగ గుర్తుపట్టగలిగింది ముఖాన్ని మాత్రమే. డిసిల్వా సమయానికి అడ్డుపడి నిజం చెప్పకపోతే, తన అన్నకు ఏ అపకారమూ చేయని, ఇద్దరు అనాథ పిల్లలను పోషిస్తున్న మనిషిని ఆమె చంపి ఉండేది. ఆ పిల్లలు అనాథలైపోయేవారు మళ్లీ. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నేను విజయ్ కోసం కంటే రోమా కోసం ఎక్కువ భయపడ్డాను.

ఇదే పొరపాటు మరో పాత్రలో ఇంకా లోతుగా ఉంది. ప్రాణ్ పోషించిన జస్జీత్, జబ్బుపడిన భార్య వైద్యం కోసం డబ్బు కావలసి దొంగతనానికి వెళ్లి, డిసిల్వా కాల్చిన తూటాకు కాలు దెబ్బతిని జైలుకు వెళతాడు. ఈలోగా భార్య మరణిస్తుంది, పిల్లలు కనిపించకుండా పోతారు. జైలు నుంచి వచ్చిన తరువాత అతను డిసిల్వా మీద పగ తీర్చుకోవాలని తిరుగుతూ ఉంటాడు. అతని పిల్లలు దీపూ, మున్నీలను కాపాడింది విజయ్. ఆ పిల్లలను చదివిస్తానని విజయ్‌కు మాట ఇచ్చింది డిసిల్వా. తన పిల్లలకు మేలు తలపెట్టిన మనిషినే అతను శత్రువుగా వెతుకుతున్నాడు. ముఖాల పోలిక విజయ్, డాన్‌ల మధ్యే ఉన్నా, మనిషిని సరిగ్గా గుర్తించలేకపోవడం అనే జబ్బు కథలో చాలామందికి ఉంది. ఇంటర్‌పోల్ అధికారి మాలిక్‌గా గౌరవం పొందుతున్న మనిషే ముఠా వెనుక ఉన్న వర్ధన్ అని చివరకు బయటపడడం కూడా ఇదే దారంలోని పూస.

ప్రశ్న: ఈ చిత్రంలో ఇద్దరు అమితాబ్‌లు ఒకే దృశ్యంలో ఎదురుపడరు. ఆ రోజుల్లో సాంకేతిక సౌకర్యం లేకపోవడమే కారణమా? (ఒక పాఠకుడు, మచిలీపట్నం)

జవాబు: కాదు. ఇద్దరిని ఒకే ఫ్రేములో చూపించే మాస్క్ షాట్ మన ఛాయాగ్రాహకులకు అప్పటికే చేతికి బాగా అలవాటైన పని. కెమెరాను కదలకుండా బిగించి, కటకం ముందు సగభాగాన్ని నల్లని అట్టతో మూసి ఒక వేషంలో నటుణ్ణి చిత్రీకరించేవారు. తరువాత ఫిల్మును మొదలుపెట్టిన చోటికి వెనక్కు తిప్పి, మూసిన సగాన్ని తెరిచి, తెరిచిన సగాన్ని మూసి, రెండో వేషంలో అదే నటుణ్ణి తీసేవారు. రెండు సగాలు కలిసే గీత కనబడకుండా స్తంభమో, తలుపు అంచో అక్కడ పడేలా చూసుకునేవారు. భుజం మీదుగా తీసే షాట్లలో వెనక నుంచి డూప్ కనిపించేవాడు.

‘డాన్’లో ఆ అవసరమే రాలేదు, ఎందుకంటే ఒకరి చావు తరువాతే మరొకరి ప్రయాణం మొదలవుతుంది. తేడా మొత్తాన్ని నటుడే మోయవలసి వచ్చింది. డాన్ తక్కువ మాటలతో, తొందర లేకుండా, ఎదుటివాడి భయాన్ని ముందే లెక్కవేసుకున్నవాడిలా నడుస్తాడు. విజయ్ మాటలో తూర్పు ఉత్తరప్రదేశ్ యాస, నడకలో పల్లెటూరి విశృంఖలత కనిపిస్తాయి. వీటికంటే కష్టమైనది మూడో పాత్ర, అంటే డాన్‌గా నటిస్తున్న విజయ్. గతం మరచిపోయానని ముఠాను నమ్మిస్తూనే, ప్రేక్షకుడికి మాత్రం లోపలి బెదురు తెలిసేలా ఉండాలి. ఆ సంవత్సరపు చిత్రాలకు ఇచ్చిన ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి పురస్కారం అమితాబ్‌కు ఈ సినిమాకే వచ్చింది.

ప్రశ్న: ఉత్కంఠగా సాగుతున్న కథ మధ్యలో బనారస్ పాన్ మీద పాట అనవసరం కాదా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: చిత్రం దాదాపు పూర్తయిన తరువాత ఆ పాటను చేర్చిన మాట నిజమే. రెండో సగం ఊపిరాడనంత బిగువుగా ఉంది, కొంచెం విశ్రాంతి కావాలని నటుడు, దర్శకుడు మనోజ్ కుమార్ సలహా ఇచ్చారని, దర్శకుడు చంద్ర బారోట్ ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు కనుక ఆ మాటను పాటించాడని ప్రసిద్ధంగా చెబుతారు. కానీ అది పెట్టిన చోటు చూడండి. సాక్షి డిసిల్వా చనిపోయాడు, లోకమంతా విజయ్‌ను డాన్ అంటోంది. అలాంటి సమయంలో అతని నోటి నుంచి తన సొంత యాస, తన సొంత చిందు, పాన్ నమిలిన ఎర్రని పెదవులు బయటికి వస్తాయి. డాన్ ఎప్పటికీ అలా ఆడడు, ఆడలేడు. తాను విజయ్‌నని చెప్పడానికి అతని దగ్గర మిగిలిన సాక్ష్యం ఆ యాస ఒక్కటే. అంజాన్ రాయగా కల్యాణ్‌జీ ఆనంద్‌జీ స్వరపరచిన ఆ పాటను కిశోర్ కుమార్ పాడిన తీరుకు ఫిల్మ్‌ఫేర్ పురస్కారం లభించింది. నేనైతే ఆ పాటను సినిమా నుంచి తీసేయడానికి ఒప్పుకోను.

ప్రశ్న: ఇలాంటి కథలన్నీ మనం హిందీ నుంచే తెచ్చుకున్నామని మా మిత్రుడు వాదిస్తున్నాడు. నిజమేనా? (ఒక పాఠకుడు, సింగపూర్)

జవాబు: ‘డాన్’ విషయంలో నిజమే. మరుసటి ఏడాదే, 1979లో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, జయసుధ నటించగా ‘యుగంధర్’ పేరుతో తెలుగులో వచ్చింది. సంగీతం ఇళయరాజా. 1980లో రజనీకాంత్‌తో తమిళ ‘బిల్లా’, 2007లో అజిత్‌తో మళ్లీ అదే పేరుతో తమిళ చిత్రం, 2009లో మెహర్ రమేష్ దర్శకత్వంలో ప్రభాస్‌తో తెలుగు ‘బిల్లా’ వచ్చాయి. చివరి దానిలో పోలీసు అధికారి పాత్రను కృష్ణంరాజు ధరించారు.

అయితే మీ మిత్రుడికి ఒక మాట గుర్తుచేయండి. 1964లో డి. రామానాయుడు నిర్మించగా తాపీ చాణక్య దర్శకత్వం వహించిన ‘రాముడు భీముడు’ తెలుగువారి సినిమా. దానిని చాణక్యే తమిళంలో ఎం.జి.ఆర్.తో ‘ఎంగ వీట్టు పిళ్ళై’గా, 1967లో హిందీలో దిలీప్ కుమార్‌తో ‘రామ్ ఔర్ శ్యామ్’గా తీశారు. ఆ బాటలోనే 1972లో ‘సీతా ఔర్ గీతా’ వచ్చింది. అది 1973లో వాణిశ్రీతో ‘గంగ మంగ’గా తెలుగుకు చేరింది. పిల్లను ఇచ్చిన ఇంటి నుంచే మనుమరాలిని కోడలిగా తెచ్చుకున్నట్టు అన్నమాట.

ప్రశ్న: 2006లో ఫర్హాన్ అఖ్తర్ తీసిన ‘డాన్’ ముగింపు పాతదానికంటే తెలివైనదని మా అబ్బాయి అంటాడు. మీ అభిప్రాయం? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ముగింపు తెలియనివారు ఈ జవాబును వదిలేయవచ్చు. షారుఖ్ ఖాన్ నటించిన ఆ చిత్రంలో చనిపోయింది డాన్ కాదనీ, ఆసుపత్రిలోనే విజయ్ చనిపోయి, విజయ్‌గా నటిస్తున్న డాన్‌నే మనం అంతసేపూ చూశామనీ చివరలో తెలుస్తుంది. డిసిల్వాయే వర్ధన్ అని కూడా బయటపడుతుంది. పాత చిత్రాన్ని కంఠస్థం చేసిన ప్రేక్షకుడి నమ్మకాన్నే వాడుకుని అతన్ని మోసగించడం గట్టి తెలివి, మీ అబ్బాయి మాట కాదనలేను. పాత చిత్రంలో సాక్షి చనిపోయాడు, కొత్తదానిలో సాక్షే దొంగ. సుగ్రీవుడి మెడలో మాల వేసిన చెయ్యే శత్రువుదైతే ఏమవుతుందో ఊహించిన కథ అది.

అయినా నా మనసు పాతదాని వైపే మొగ్గుతుంది. రెండు చిత్రాలలోనూ విజయ్ ఆ ప్రమాదంలోకి దిగింది తాను కనని పిల్లల చదువు కోసం. మొదటి చిత్రంలో అతను వర్ధన్‌ను చట్టానికి పట్టించి, తన పేరు తాను తిరిగి తెచ్చుకుని ఆ పిల్లల ముందు విజయ్‌గానే నిలబడతాడు. రెండోదానిలో డాన్ విమానం ఎక్కి వెళ్లిపోతుంటే మనం అతని చాకచక్యానికి చప్పట్లు కొడతాం. పిల్లవాడిని బడిలో వేస్తారన్న మాట నమ్మి వచ్చిన మనిషి కోసం ఏడ్చే సన్నివేశం మాత్రం ఆ సినిమాలో ఒక్కటీ లేదు.