వార్నిష్ ఆరకుండా మోటారు ఇవ్వకు చిన్నోడా

చిన్నోడా, పెదనాన్న ఆశీస్సులు.

నరసరావుపేటలో కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగ్ షాపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా వంశంలో నా తర్వాత ఈ పని ఎవరూ ముట్టుకోరనుకున్నాను. సంతోషంతో కాసేపు మాట రాలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

పాత కాయిల్ తీసేముందు చుట్లు లెక్కపెట్టు, తీగ మందం (గేజి) కొలువు, కనెక్షన్ ఫొటో తీసుకో. ఇవి నీకు తెలుసు.

మొన్న ఫోన్‌లో ఒక మాట అన్నావు. డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్ ఎంత ఎక్కువుంటే కరెంటును బయటికి పోనివ్వని ఇన్సులేషన్ అంత గట్టిది అని. తప్పురా నాన్నా. టెఫ్లాన్‌కు ఆ అంకె 2.1, పాలిథీన్‌కు 2.3 దాకా, పాలియెస్టర్ ఫిల్మ్‌కు 3.2 దగ్గర, మైకాకు 6 అటూ ఇటూ. ఇవన్నీ మంచి ఇన్సులేషన్లే. మరి నీళ్లకు 80. నీళ్లతో వైండింగ్ కడతావా? ఆ అంకె ఆ పదార్థంలో కరెంటు శక్తి ఎంత నిలవుంటుందో చెబుతుంది. కరెంటును ఆపగలదో లేదో చెప్పదు. పైగా 80 ఉండటం వల్లే నీళ్లు ఉప్పును విడదీసి కరిగించుకుంటాయి. అలా విడిపోయిన కణాలే కరెంటును మోస్తాయి. కాయిల్‌కూ ఇనుముకూ మధ్య పెట్టే స్లాట్ పేపర్‌లోకి తేమ చేరితే జరిగేదీ అదే.

ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. షాపు పెట్టిన రెండో ఏడాది, కార్తీక మాసం. సాగర్ కాలువ కింద మిరప వేసిన రైతు ఒకాయన కాలిపోయిన మోటారు తెచ్చాడు. చేను పూత మీదుంది, తడి ఇవ్వకపోతే పోతుందని రోజుకు రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. కాయిల్స్ బాగానే కట్టాను. తీగల సందులు నింపి గట్టిపడే వార్నిష్‌లో ముంచాను. ఆ రోజు కరెంటు పోయింది, వార్నిష్ ఆరబెట్టే బల్బుల డబ్బా వెలగలేదు. మోటారును ఎండలో రెండు గంటలు పెట్టాను. పైన ముట్టుకుంటే వేలికి అంటలేదు, ఆరిందనుకున్నాను. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ నా దగ్గర లేదు. కరెంటు వచ్చాక, బాడీకి లీకైతే వెలిగే సిరీస్ బల్బు పెట్టి చూశాను, వెలగలేదు. బాగుందని ఇచ్చేశాను.

మూడోరోజు పొద్దున ఆయన గేదె తొట్టి దగ్గరికి నీళ్లు తాగడానికి వెళ్లి మోటారు బాడీకి మూతి ఆనించింది. అక్కడే పడిపోయింది. ఈనిన గేదె. దాని దూడ పక్కనే నిలబడి అరుస్తూంటే నేను ఆ మోటారు విప్పాను. పైన పొర గట్టిపడింది, లోపల వార్నిష్ ఇంకా జిగటగానే ఉంది. మంచులో పేపర్ తేమ పీల్చేసింది. ఎర్త్ పైపు దగ్గర నేల ఎండి బీటలు వారి, లీకైన కరెంటు భూమిలోకి సరిగా పోలేదు. తొట్టి దగ్గర ఆయన చిన్న కొడుకు ఆడుకునేవాడు. గేదె బదులు ఆ పిల్లాడైతే? ఇప్పటికీ ఆ ఊరి మీదుగా బస్సులో వెళ్తే తల తిప్పుకుంటాను. గేదె డబ్బు ఏడాది పాటు కట్టాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

బల్బు ఎందుకు వెలగలేదో తర్వాత తెలిసింది. 100 వాట్ల బల్బు నిండుగా వెలగాలంటే 400 మిల్లీ ఆంప్స్ పైనే కావాలి. మనిషి ప్రాణం తీయడానికి 30, 40 మిల్లీ ఆంప్స్ చాలు. ఆ కాస్త లీకేజీని బల్బు చూపించదు. 500 వోల్ట్ మెగ్గర్ చూపిస్తుంది. 415 వోల్ట్ మోటారుకు ఇన్సులేషన్ నిరోధం ఒకటిన్నర మెగోమ్ (పదిహేను లక్షల ఓమ్‌లు) చాలని పాత లెక్క. కొత్తగా కట్టిన వైండింగ్ వంద మెగోమ్‌లకు తగ్గితే నేను ఇవ్వను, నువ్వూ ఇవ్వకు.

మిల్లుల్లో వేగం మార్చే డ్రైవ్ పెట్టెతో నడిచే మోటార్లు కూడా తీసుకుంటానన్నావట. ధైర్యం మంచిదే, తొందర వద్దు. డ్రైవ్ వదిలే పల్స్ పొడవాటి కేబుల్ దాటి మోటారు చేరేసరికి రెట్టింపై 1,100 వోల్ట్‌లు దాటవచ్చు. తీగ మీది పూత అయిన ఎనామెల్‌ కాన్‌స్టంట్ 3, 4 మధ్య, గాలిది 1. రెండూ పక్కపక్కనుంటే ఒత్తిడి గాలి మీదే ఎక్కువ పడుతుంది. వార్నిష్ చేరని చిన్న సందులో గాలి కంటికి కనపడని మెరుపుల్లా తెగుతూ ఎనామెల్‌ను కొంచెం కొంచెంగా తినేస్తుంది. అందుకే ఒక్కసారి ముంచి వదిలేయకు. వేడి చేసి ముంచు, కారనివ్వు, ఓవెన్‌లో పెట్టు, మళ్లీ ముంచు. క్లాస్ ఎఫ్ ఇన్సులేషన్ అంటే 155 డిగ్రీలు తట్టుకుంటుందన్న ధీమా వద్దు. పది డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని లెక్క.

మెగ్గర్ పెట్టి తీశాక టెర్మినల్స్‌ను ఎర్త్‌కు కలిపి ఉంచు. నిమిషం టెస్ట్ చేస్తే నాలుగు నిమిషాలు. ఒక్కసారి తాకించి వదిలేస్తే లోపల దాగిన చార్జ్ మళ్లీ పైకి వస్తుంది. నీ చేతివేళ్లు చిన్నప్పుడు నా పిడికిట్లో పట్టేవి, వాటిని జాగ్రత్తగా చూసుకో.

నా చేతి మెగ్గర్ శనివారం బస్సుకు పంపుతున్నాను, ఆ హ్యాండిల్ నిదానంగా తిప్పాలి. ఆదివారం నేనే వస్తాను, ఓవెన్ డబ్బా చూడాలి. అప్పటిదాకా ఎవరు గుమ్మంలో నిలబడినా మోటారు ఇవ్వకు. మీ అమ్మకు నా భోజనం సంగతి చెప్పు, కారం తగ్గించమను.

మీ పెదనాన్న