ఐఎల్ఆర్ కోసం పదేళ్లు ఆగితే తప్పేంటని అడిగారు కదా

బ్రిటన్‌లో శాశ్వత నివాసం, అంటే ఐఎల్ఆర్, ఐదేళ్లకు బదులు పదేళ్లకు ఇస్తే నష్టమేంటి, దేశం వాళ్లది కదా అన్నది మీ ప్రశ్న. నేను 2018లో వర్క్ వీసా మీద వచ్చి 2023లో ఐఎల్ఆర్ తీసుకున్నాను. ఈ గడువు పెంచుతామంటూ 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించిన ప్రతిపాదనలతో నాకు వచ్చే ఇబ్బందేమీ లేదు. అయినా అవి తప్పేనంటాను.

నాకు మూడేళ్లు నిండాక, 2021లో, మా కంపెనీ మూతపడింది. వర్క్ వీసా నిలబడేది స్పాన్సర్‌షిప్ మీద, అంటే ఉద్యోగమిచ్చిన కంపెనీ పూచీ మీద. అది పోతే సాధారణంగా ఇచ్చేది 60 రోజులు. ఆలోపు ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. మా పాప అప్పుడే బడికి అలవాటు పడుతోంది. నిద్ర పట్టని ఆ రెండు నెలల్లో 53వ రోజున ఒక ఆఫర్ వచ్చింది, పాత జీతం కంటే బాగా తక్కువకి. బేరమాడే ధైర్యం లేక వెంటనే ఒప్పుకున్నాను. ఐఎల్ఆర్ వచ్చాకే మేనేజర్ ముందు నోరు తెరిచి "ఈ పని గంటలు నావల్ల కాదు" అనగలిగాను. అందుకే పదేళ్లంటే నాకు కాలెండర్ గుర్తుకు రాదు, ఆ 53 రోజులు గుర్తొస్తాయి.

మా పిన్ని కూతురి సంగతి ఇంకా కష్టం. 2022లో కేర్ వీసా మీద వచ్చింది. కేర్ హోమ్‌లలో పనిచేసేవాళ్లు చాలక ప్రభుత్వమే ఆ ఏడాది తలుపు తెరిచింది. కాంట్రాక్టులో రాసిన గంటల్లో సగమే ఇస్తూ కొన్ని నెలలు నడిపించారు. అడిగితే, "నీ స్పాన్సర్‌షిప్ మా చేతిలో ఉందని మర్చిపోకు" అన్నారు. ఫిర్యాదు చెయ్యమ్మా అంటే, "ఐదేళ్లు నిండే 2027 దాకా ఓర్చుకుంటాను అన్నయ్యా" అంది. కొత్త ప్రతిపాదనలో ఆ స్థాయి ఉద్యోగాలకు పదిహేనేళ్లు. ఆమె 2027 కాస్తా 2037 అవుతుంది. అదే ప్రతిపాదనలో ఏడాదికి 1,25,140 పౌండ్లు దాటి సంపాదించేవాళ్లకు మూడేళ్లే చాలు. మంచం మీది ముసలివాళ్లకు స్నానం చేయించి, తినిపించి, రాత్రంతా కాపలా ఉండే మనిషి ఈ దేశానికి ఇస్తున్నది తక్కువని ఎలా లెక్కగట్టారో నాకు అర్థం కాదు.

డబ్బు సంగతి కూడా చూడండి. వర్క్ వీసా మీద ఉన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరు ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి ఏటా 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కడుతున్నారు (కేర్ వీసావాళ్లకు ఇది లేదు). భార్యాభర్తలకు ఇంకో ఐదేళ్లంటే 10,350 పౌండ్లు. ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ దీనికి అదనం.

శరణార్థుల విషయంలో నా మనసు మరీ బాధపడుతుంది. మా ఊరి లైబ్రరీలో వారానికోసారి ఇంగ్లీష్ మాట్లాడటం నేర్పడానికి వెళ్తుంటాను. సూడాన్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన ఒకావిడ నర్సు కావాలనుకుంటోంది. నర్సింగ్ డిగ్రీకి మూడేళ్లు పడుతుంది. ఇకపై ఆవిడలా వచ్చి రక్షణ కోరే శరణార్థులకు ఒకసారికి ఇచ్చే అనుమతి 30 నెలలే, శాశ్వత నివాసానికి మామూలుగా 20 ఏళ్లు అన్నారు. కోర్సు పూర్తయ్యేలోపే "మీ దేశం ఇప్పుడు బాగుందా" అని విచారణ మొదలయ్యే మనిషి ఏ ధైర్యంతో చదువు మొదలుపెడుతుంది? కలిసిపోండి అని చెబుతూ, ఉంటారో లేదో తేల్చకపోతే ఎలా?

ఇళ్లు చాలడం లేదు, ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు దొరకడం లేదు అన్న ఇక్కడివాళ్ల బాధ నిజమే. ముందుముందు ఎంతమందికి వీసాలివ్వాలో నిర్ణయించుకునే హక్కూ వాళ్లదే. కానీ ఇప్పటికే ఇక్కడ పనిచేస్తున్నవాళ్లను ఇంకో పదేళ్లు టెన్షన్‌లో ఉంచితే ఒక్క ఇల్లూ కొత్తగా లేవదు.

మధ్యలో మాట మార్చడం మరీ అన్యాయం. 2006లో ఐఎల్ఆర్ గడువు నాలుగేళ్లను ఐదేళ్లు చేసినప్పుడు, అప్పటికే హెచ్‌ఎస్‌ఎంపీ వీసా (బాగా నైపుణ్యం ఉన్నవాళ్లకు ఇచ్చిన వీసా) మీద వచ్చినవాళ్లు హైకోర్టుకు వెళ్లారు. పాత గడువే తమకు వర్తించాలని 2009లో తీర్పు తెచ్చుకున్నారు. ఆ ఒక్క ఏడాది కోసమే అంత పోరాడాల్సి వచ్చింది.

మా చెల్లి తన సంగతంతా కాగితం మీద పెట్టింది. దాన్ని పట్టుకుని మా ఎంపీని కలవడానికి ఇద్దరం అపాయింట్‌మెంట్ అడిగాం.