ఒకే షీటు మీద రెండు స్కేళ్లు: వ్యూపోర్ట్ స్కేల్ మాటిమాటికీ ఎందుకు మారిపోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) ప్లాను మిల్లీమీటర్లలో గీశారు. ఏ2 షీటు మీద ప్లానును 1:50లో, మెట్ల డీటెయిల్‌ను 1:20లో చూపించాలి. లేఅవుట్‌లో, అంటే ప్రింటు షీటులో, వ్యూపోర్ట్ (బొమ్మ కనిపించే కిటికీ) పెట్టి స్కేల్ ఇస్తున్నారు, కాసేపయ్యాక చూస్తే అది ఇంకేదో అయి కూర్చుంటోంది. స్కేల్ ఇచ్చిన వెంటనే, ఇంకే పనీ చేయకముందే, ఆ వ్యూపోర్ట్‌ను లాక్ చేయండి. మీ ఇబ్బంది చాలావరకు అక్కడే తీరుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పనిలో చేరిన కొత్తల్లో ఒక ప్లాను షీటు తయారుచేసి, టైటిల్ బ్లాక్‌లో (షీటు వివరాలు రాసే గడి) 1:50 అని రాసి ప్రింటు తీశాను. మా సీనియర్ మేడమ్ ఏమీ మాట్లాడకుండా స్కేలు బద్ద తీసి ఒక తలుపు మీద పెట్టారు. 900 మిల్లీమీటర్ల తలుపు 1:50లో కాగితం మీద 18 మిల్లీమీటర్లు రావాలి. 17 వచ్చింది. ఇంకో తలుపు కొలిచారు, అదీ 17. నా సీటుకు వచ్చి వ్యూపోర్ట్ అంచును సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే, కస్టమ్ స్కేల్ దగ్గర 0.02 (1/50) ఉండాల్సిన చోట 0.0189 ఉంది. అంటే దాదాపు 1:53. జరిగిందేమిటంటే, స్కేల్ ఇచ్చాక ఒక గది పేరు సరిచేయడానికి వ్యూపోర్ట్ లోపలికి వెళ్లి, జూమ్ చేసి, పని అయ్యాక కంటి అంచనాతో మళ్లీ వెనక్కి తెచ్చాను. తెర మీద తేడా కనిపించలేదు. అంకెల్లో వేసిన డైమెన్షన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి నాకు అనుమానమూ రాలేదు. కానీ కాగితం మీద బద్ద పెట్టి కొలుచుకునే మనిషికి మూడు మీటర్ల గోడ 17 సెంటీమీటర్లు తగ్గి కనిపిస్తుంది. ఆ రోజు నుంచి లాక్ చేయని వ్యూపోర్ట్‌ను వదిలి కుర్చీలోంచి లేవలేదు.

అసలు ఇలా ఎందుకు జరుగుతుందో ఒక్కసారి పట్టుబడితే మిగతాదంతా తేలిక. మోడల్ స్పేస్‌లో, అంటే బొమ్మ గీసే చోట, అన్నీ అసలు సైజులోనే గీస్తాం. లేఅవుట్ అంటే కాగితం, అదీ అసలు సైజులోనే: ఏ2 అంటే 594 × 420 మిల్లీమీటర్లు. వ్యూపోర్ట్ అనేది ఆ కాగితంలో కోసిన కిటికీ. కిటికీ అవతల ఉన్న బొమ్మను ఎంత దగ్గరికి లాక్కున్నామన్నదే స్కేల్. అంటే వ్యూపోర్ట్ లోపల జూమ్, స్కేల్ వేరువేరు కావు, రెండూ ఒకటే. మౌస్ చక్రం తిప్పారంటే స్కేల్ మార్చారన్నట్టే. లాక్ చేశాక మాత్రం లోపలికి వెళ్లి చక్రం తిప్పినా మొత్తం షీటే దగ్గరికీ దూరానికీ జరుగుతుంది, లోపలి బొమ్మ స్కేల్ చెక్కుచెదరదు.

ఈ కిటికీ ఏర్పాటు 1990లో ఆటోక్యాడ్ రిలీజ్ 11తో వచ్చింది. అంతకుముందు బొమ్మ చుట్టూ టైటిల్ బ్లాక్‌నే యాభై రెట్లు పెంచి పెట్టేవారు. రెండో స్కేల్ కావాలంటే డీటెయిల్‌ను కాపీ చేసి, 1:50 షీటులో 1:20 కోసం రెండున్నర రెట్లు పెంచాలి. ఇప్పటికీ కొందరు ఇలాగే చేస్తున్నారు. మీరు మాత్రం చేయకండి. ప్లానులో మెట్టు మారితే కాపీలో మారదు, పెంచిన బొమ్మకు డైమెన్షన్ వేస్తే 300 ఉండాల్సిన చోట 750 చూపిస్తుంది.

ఇక మీ షీటు సంగతి. గీత గీయకముందే కాగితం మీద చిన్న లెక్క వేసుకోండి. ఉదాహరణకు ప్లాను 16 × 11 మీటర్లనుకుందాం, 1:50లో 320 × 220 మిల్లీమీటర్లు అవుతుంది. మెట్ల భాగం 4.8 × 2.4 మీటర్లయితే 1:20లో 240 × 120. పక్కపక్కన పెడితే వెడల్పు 560 అవుతుంది, 594లో అంచులకూ టైటిల్ బ్లాక్‌కూ చోటు మిగలదు. ఒకదాని కింద ఒకటి పెడితే ఎత్తు 340, షీటు ఎత్తు 420 కాబట్టి డైమెన్షన్ లైన్లతో సహా సరిపోతుంది, టైటిల్ బ్లాక్ కుడివైపు నిలువుగా పెట్టుకోవచ్చు. ఈ లెక్క వేయకుండా వ్యూపోర్ట్‌లు పెట్టేస్తే, చివర్లో చోటు చాలక ఏ 1:53కో దిగుతారు.

పేజ్ సెటప్‌లో షీటు ఏ2, ప్లాట్ స్కేల్ 1:1 పెట్టండి. కొత్త లేఅవుట్‌లో దానంతటదే వచ్చే వ్యూపోర్ట్‌ను తీసేయండి, మోడల్‌లో ఉన్న బొమ్మకు ఏమీ కాదు. వ్యూపోర్ట్‌ల కోసమే ఒక లేయర్ (బొమ్మలోని ఒక పొర) పెట్టుకుని, లేయర్ మేనేజర్‌లో దాని ప్రింటర్ గుర్తు మీద నొక్కి ప్లాట్ కాకుండా చేయండి. అప్పుడు అంచులు తెర మీద కనిపిస్తాయి, ప్రింటులో రావు. ఆ లేయర్‌ను ఫ్రీజ్ చేసే (పూర్తిగా దాచేసే) అలవాటు వద్దు. దీర్ఘచతురస్రంగా కాక వంకరటింకరగా కోసిన వ్యూపోర్ట్ ఉంటే, అంచు లేయర్ ఫ్రీజ్ అవగానే ఆ కోత పోయి అవతలి బొమ్మంతా బయటికి వచ్చేస్తుంది.

ఆ లేయర్‌లో ఉండి వ్యూపోర్ట్ గీసే ఎంవ్యూ (MVIEW) కమాండ్ ఇచ్చి రెండు మూలలు చూపించండి. లోపల డబుల్ క్లిక్ చేసి ప్లానును మధ్యకు తెచ్చుకోండి. స్టేటస్ బార్‌లోని స్కేల్ జాబితాలో 1:50 ఎంచుకోండి, లేదా జూమ్ కమాండ్ ఇచ్చి 1/50ఎక్స్‌పీ (1/50XP) అని కొట్టండి. ఆ ఎక్స్‌పీ అక్షరాలు తప్పనిసరి. కాగితంతో పోల్చి అని దాని అర్థం. ఒట్టి ఎక్స్ అంటే ఇప్పుడు కనిపిస్తున్నదానితో పోల్చి అని, బొమ్మ చుక్కంత అయిపోతుంది. ఎవరైనా మీటర్లలో గీసిన ఫైలు మీ చేతికి వస్తే 1:50కి 20ఎక్స్‌పీ అవుతుంది. ఒక మీటరు కాగితం మీద 20 మిల్లీమీటర్లు కావాలి కదా.

స్కేల్ కుదిరాక పాన్ చేసి (పక్కలకు జరిపి) బొమ్మను సర్దుకోవచ్చు, పాన్ వల్ల స్కేల్ మారదు. బయట డబుల్ క్లిక్ చేసి, గ్రిప్‌లు (మూలల్లోని చిన్న గడులు) పట్టుకుని అంచులు చిన్నవీ పెద్దవీ చేసుకున్నా మారదు. అంతా సర్దాక అంచును సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో డిస్‌ప్లే లాక్డ్‌కు యస్ ఇవ్వండి, లేదా స్టేటస్ బార్‌లోని తాళం గుర్తు నొక్కండి. రెండోదానికి నేనైతే మొదటి వ్యూపోర్ట్‌నే కాపీ చేస్తాను. కాపీ కూడా లాక్ అయ్యే వస్తుంది కాబట్టి తాళం తీసి, మెట్లు మధ్యకు తెచ్చి, 1:20 ఇచ్చి మళ్లీ వేస్తాను. వ్యూపోర్ట్ షీటంతా పరుచుకుని బయట డబుల్ క్లిక్ చేసే చోటే లేకపోతే పీఎస్ (PS) అని టైప్ చేయండి, కాగితం మీదికి వచ్చేస్తారు.

మెట్ల వ్యూపోర్ట్‌లో ఫర్నిచర్ కనిపించకూడదంటే, ఆ వ్యూపోర్ట్ లోపల ఉండి లేయర్ మేనేజర్‌లో వీపీ ఫ్రీజ్ అనే నిలువు వరుస వాడండి. పక్కనే ఉన్న మామూలు ఫ్రీజ్ నొక్కితే ప్లానులోనూ మాయమవుతుంది. ఈ రెండింటి మధ్య పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది.

అక్షరాల సైజు ఇంకో చిక్కు. ప్రింటులో 2.5 మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే 1:50కి మోడల్‌లో 125, 1:20కి 50 ఎత్తు పెట్టాలి. దీనికి యానోటేటివ్ టెక్స్ట్ వాడండి. ఒకే అక్షరానికి రెండు స్కేళ్లూ జోడిస్తే ప్రతి వ్యూపోర్ట్‌లో తనంతట తానే 2.5కి సర్దుకుంటుంది. చుక్కల గీతలు రెండు చోట్లా ఒకేలా రావాలంటే పీఎస్ఎల్‌టీస్కేల్ (PSLTSCALE) అనే సెట్టింగ్‌ను 1గా ఉంచి, స్కేల్ మార్చాక బొమ్మను మళ్లీ గీయించే రీజెన్‌ఆల్ (REGENALL) కమాండ్ ఇవ్వండి. అది ఇవ్వకపోతే గీతలు పాత స్కేల్‌లోనే కనిపిస్తూ ఉంటాయి, ఏదో చెడిపోయిందని కంగారు పడతారు.

షీటు పంపేముందు రెండు వ్యూపోర్ట్‌ల ప్రాపర్టీస్ తెరిచి కస్టమ్ స్కేల్ చూడండి: ప్లానుకు 0.02, మెట్లకు 0.05 ఉండాలి. తర్వాత ప్రింటు మీద బద్ద పెట్టండి. 900 తలుపు 18, 300 వెడల్పున్న మెట్టు 15 రావాలి. ఒక్క దాంట్లోనే తేడా వస్తే తప్పు ఆ వ్యూపోర్ట్‌ది. రెండూ ఒకే పాళ్లలో తగ్గితే వ్యూపోర్ట్‌ల జోలికి వెళ్లకండి. ప్లాట్ చేసేటప్పుడో, పీడీఎఫ్ ప్రింటు ఇచ్చేటప్పుడో ఫిట్ టు పేపర్ టిక్కు పడి ఉంటుంది, అది తీసి మళ్లీ ప్రింటు తీయండి.