అతిథి తెచ్చిన వైన్‌ తెరవాలా, దాచాలా?

ప్రశ్న: పోయిన వారం ఆరుగురిని రాత్రి భోజనానికి పిలిచాం. ఒక స్నేహితురాలు రెడ్ వైన్ బాటిల్ తెచ్చింది. మేం వేరే వైన్ ముందే సిద్ధం చేసుకున్నాం కాబట్టి ఆమెది తీసుకెళ్లి అల్మారాలో పెట్టేశాను. వెళ్లేటప్పుడు ఆమె ముఖం చిన్నబోయినట్టు అనిపించింది. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. నేను చేసింది తప్పా?

జవాబు: తెరవకపోవడం తప్పు కాదండీ. అతిథి తెచ్చిన వైన్ కానుక. మీ చేతికి వచ్చాక అది మీది, ఎప్పుడు తెరవాలన్నది మీ ఇష్టం. కానీ ఏమీ చెప్పకుండా లోపల పెట్టేశారు చూశారా, ఆమె మనసు అక్కడే నొచ్చుకుని ఉంటుంది. "ఇది ఈ రోజే తాగుదామని తెచ్చావా, మా కోసం ఉంచుకోమంటావా?" అని గుమ్మం దగ్గరే అడిగి ఉంటే సరిపోయేది.

ఆ మాట తెచ్చినవాళ్లయినా చెప్పాలి. నేను చెప్పలేదు ఒకసారి. ఏళ్ల తరబడి దాచుకున్న రెడ్ వైన్ ఒకరింటికి పట్టుకెళ్లాను. వాళ్లు మర్యాదకొద్దీ వెంటనే తెరిచి పోశారు. పాత రెడ్ వైన్‌లో అడుగున మడ్డి పేరుకుంటుంది. దారిలో కదిలితే అది పైకి లేస్తుంది, ఒక రోజైనా బాటిల్ నిలబెట్టి ఉంచితేగానీ తేరుకోదు. ఆ రాత్రి అందరి గ్లాసుల్లోనూ చేదు మడ్డే. "ఇది తర్వాత తెరవండి" అని నేను ఒక్క ముక్క అనుంటే ఆ వైన్ దక్కేది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

వైట్ వైన్‌ది ఇంకో సంగతి. చల్లబడటానికి ఫ్రిజ్‌లో రెండు గంటలు పడుతుంది, ఐసూ నీళ్లూ కలిపిన బకెట్లో అయితే అరగంట. భోజనంతోపాటే తాగాలనుకునేవాళ్లు ముందే ఫోన్ చేసి, చల్లబరిచి తేవాలి. ఆ ఇంట్లో తాగుతారో లేదో తెలియకపోతే అసలు తేకపోవడమే నయం.

మీ విషయంలో లెక్క కూడా చూడండి. 750 మిల్లీలీటర్ల బాటిల్ అయిదు గ్లాసులకు వస్తుంది. మీ అందరికీ అది చాలేది కాదు.

ఇవాళే ఆమెకు ఫోన్ చేయండి. "నువ్వు తెచ్చింది ఇంకా తెరవలేదు, నువ్వొచ్చాకే తెరుస్తాం, ఏ రోజు వస్తావు?" అని అడగండి. అందాకా బాటిల్‌ని ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. కార్క్ ఉన్నదైతే పడుకోబెట్టండి, లేకపోతే కార్క్ ఎండిపోయి గాలి చొరబడుతుంది.